ఏస్ చేజారాక ఏ దారి పట్టాలి? యమమోటో రాని శీతాకాలం చెప్పిన లెక్కలు

2023 డిసెంబరు 21, గురువారం. అర్ధరాత్రి కావస్తుండగా ఫోన్‌లో కబురొచ్చింది. జపాన్ బేస్‌బాల్ ఏస్, అంటే మేటి పిచర్ (బంతి విసిరేవాడు), యోషినోబు యమమోటో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి సై అన్నాడు. పన్నెండేళ్లు, 32.5 కోట్ల డాలర్లు. న్యూజెర్సీలో కాపురముంటూ ఏళ్ల తరబడి న్యూయార్క్ మెట్స్‌ని నమ్ముకున్న నాకు చేతికందిన ముద్ద నోటికి అందకుండా పోయినట్టయింది. మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ అతని కోసం స్వయంగా జపాన్ వెళ్లాడు. తర్వాత కనెక్టికట్‌లోని తన ఇంటికి భోజనానికి పిలిచాడు. మెట్స్ ఇవ్వజూపింది కూడా సరిగ్గా అంతేనని, పన్నెండేళ్లకు 32.5 కోట్లేనని, తర్వాత వార్తలొచ్చాయి. పక్కనే ఉన్న యాంకీస్ పదేళ్లకు 30 కోట్లు ఇస్తామన్నారట. ఏడాది లెక్కన చూస్తే అదే ఎక్కువ. అయినా అతను పడమటి తీరానికే వెళ్లాడు.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనవాళ్లకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు. దానికి రెండు రోజుల ముందే దుబాయ్‌లో ఐపీఎల్ వేలం జరిగింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ పాట్ కమిన్స్‌ని 20.50 కోట్ల రూపాయలకు, కోల్‌కతా మిచెల్ స్టార్క్‌ని 24.75 కోట్లకు పాడుకున్నాయి. వేలంలో ఎక్కువ పాడినవాళ్లదే ఆటగాడు, అతని ఇష్టాయిష్టాలతో పని లేదు. బేస్‌బాల్‌లో ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) అయినవాడు తనకు నచ్చిన ఊరు, నచ్చిన జట్టు, తోటి ఆటగాళ్లు, వాతావరణం, పిల్లల బడి అన్నీ చూసుకుని తానే తేల్చుకుంటాడు. కాబట్టి ఎంత డబ్బున్న జట్టుకైనా ఈ చేజారడం తప్పదు, ఏటా ఎవరో ఒకరికి జరుగుతూనే ఉంటుంది. మన జట్టుకు జరిగినప్పుడు తర్వాత ఏ దారి మంచిదో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఆ దారులు ఒక్కొక్కటీ ఏమిచ్చాయో, ఏం పుచ్చుకున్నాయో ఆ శీతాకాలాన్నే ప్రధానంగా పెట్టుకుని పోల్చి చూద్దాం.

పోయినదాన్ని ముందు సరిగా కొలుద్దాం

ఒక సీజన్లో 162 ఆటలు. ఆటకు తొమ్మిది చొప్పున ఒక జట్టు వేయాల్సిన ఇన్నింగ్స్ (ఎదుటివాళ్లలో ముగ్గురు అవుటయితే ఒకటి) దాదాపు 1,450. అందులో ఎంత గొప్ప స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) అయినా ఈ రోజుల్లో వేసేది 180, మహా అయితే 200. అంటే ఎనిమిదో వంతు. చేజారింది ఈ ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులూ ఎవరో ఒకరు వేయాల్సిందే, వాళ్లెవరో యమమోటో వచ్చినా మనం తేల్చుకోవాల్సిందే.

అందుకని నేను మొదట చూసేది పేరు కాదు, ఇన్నింగ్స్. తర్వాత ఈఆర్‌ఏ, అంటే ఆ పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన బాధ్యత కింద ఇచ్చే పరుగులు. మూడు దగ్గరుంటే చాలా గొప్ప, నాలుగు దగ్గరుంటే పనికొస్తాడు, ఐదు దాటితే కష్టం. యమమోటో 2023లో జపాన్‌లో ఒరిక్స్ బఫెలోస్‌కి ఆడుతూ 1.21 ఈఆర్‌ఏతో 164 ఇన్నింగ్స్ వేశాడు. వరసగా మూడేళ్లు అక్కడి ఉత్తమ పిచర్‌కిచ్చే సవామురా అవార్డు తీసుకున్నాడు. వయసు ఇరవై ఐదు. అలాంటివాడు మార్కెట్లోకి రావడమే అరుదు. అంతటివాడు ఇంకొకడు దొరకడని ముందే ఒప్పుకుంటే తర్వాతి లెక్కలు తేలికవుతాయి.

ఇంకో లెక్క కూడా ఉంది, లగ్జరీ ట్యాక్స్. బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి పరిమితి లేదు, కానీ ఒక గీత ఉంది. 2024లో అది 23.7 కోట్ల డాలర్లు. మెట్స్ వరసగా మూడో ఏడాదీ ఆ గీత దాటి, అన్నిటికంటే పై మెట్టు మీద కూర్చుంది. అక్కడ ప్రతి కొత్త డాలరుకూ 1 డాలర్ 10 సెంట్ల పన్ను. అంటే ఏడాదికి 1.3 కోట్లకు తెచ్చుకున్న పిచర్ ఆ యజమాని జేబుకి 2.7 కోట్ల పైచిలుకు. యమమోటో వచ్చి ఉంటే ఏడాది సగటు 2.7 కోట్లు, పన్నుతో కలిపితే 5.6 కోట్లు దాటేది. అతని పాత జట్టు బఫెలోస్‌కి ఇవ్వాల్సిన 5 కోట్ల పైచిలుకు డాలర్ల రుసుము వేరే. అదే ఆటగాడు వేరే జట్టుకి సగానికి సగం చవక. అందుకే "ఫలానా జట్టు ఇంతకే తెచ్చుకుంది, మనవాళ్లెందుకు తేలేదు" అని వాదించేముందు ఆ జట్టు గీతకు ఇటుందో అటుందో చూడాలి.

అంతే పెద్ద పేరు ఇంకొకటి తెచ్చుకోవడం

దెబ్బ తిన్న మరుసటి వారం అభిమానులు ఎక్కువగా అడిగేది ఇదే. వాడు పోతే ఇంకొకడు, అంతే పెద్దవాడు, వెంటనే. యజమానులకూ ఇదే తోస్తుంది.

మెట్స్ ఇదివరకే ఈ దారి తొక్కింది. 2022 డిసెంబరులో జేకబ్ డిగ్రోమ్ అయిదేళ్లకు 18.5 కోట్లు తీసుకుని టెక్సస్ రేంజర్స్‌కి వెళ్లిపోయాడు. రోజుల వ్యవధిలోనే మెట్స్ నలభైకి దగ్గరపడుతున్న జస్టిన్ వెర్లాండర్‌ని రెండేళ్లకు 8.6 కోట్ల పైచిలుకుతో తెచ్చింది. 2023 ఆగస్టుకల్లా సీజన్ చేజారిపోయి, అతన్ని తిరిగి హ్యూస్టన్‌కి పంపేసింది. ఆ ఏడాది గెలుపులు 75, ఓటములు 87. అటు డిగ్రోమ్ కూడా రేంజర్స్‌కి ఆరు ఆటలు వేసి మోచేతికి టామీ జాన్ సర్జరీ చేయించుకున్నాడు. రేంజర్స్ మాత్రం అదే ఏడాది వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) గెలిచింది. రెండేళ్లకు 3.4 కోట్లకు తెచ్చుకున్న నేథన్ ఇవోల్డీ, సీజన్ మధ్యలో ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) వచ్చిన జోర్డన్ మాంట్‌గామరీ ఆ భారం మోశారు. డిగ్రోమ్ 2025లో 30 ఆటలు మొదలుపెట్టి 2.97 ఈఆర్‌ఏతో మళ్లీ నిలబడ్డాడు. అతన్ని తెచ్చుకోవడం తప్పని నేననను. కానీ ఆ డబ్బు మొదటి రెండేళ్లలో దాదాపు ఏ పనీ చేయలేదు.

ఇంతకంటే బాధ కలిగించేది స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ కథ. 2019లో వాషింగ్టన్ నేషనల్స్‌కి వరల్డ్ సిరీస్ గెలిపించాడు, సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, ఏడేళ్లకు 24.5 కోట్ల ఒప్పందం రాయించుకున్నాడు. ఆ తర్వాత అతను వేసినవి ఎనిమిదే ఆటలు. భుజం దగ్గర నరాల ఇబ్బంది కెరీర్‌ని మింగేసింది. అతని తప్పు ఏమీ లేదు. జట్టుకు మాత్రం ఆ డబ్బు గోడకి కొట్టిన సున్నమే.

పెద్ద పేరు దొరక్కపోవడమే మేలైన సందర్భమూ ఉంది. 2018 శీతాకాలంలో యాంకీస్ ప్యాట్రిక్ కార్బిన్‌ని కోరుకున్నారు. ఆరో ఏడాది ఇవ్వడానికి మనసొప్పలేదు. నేషనల్స్ ఆరేళ్లకు 14 కోట్లు ఇచ్చి తీసుకెళ్లారు. యాంకీస్ ఆ డబ్బు మరెవరి మీదో కసిగా పోయకుండా ఒక ఏడాది ఆగి, 2019 డిసెంబరులో గెరిట్ కోల్‌ని తొమ్మిదేళ్లకు 32.4 కోట్లతో తెచ్చుకున్నారు. కోల్ 2023లో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. కార్బిన్ మొదటి ఏడాది బ్రహ్మాండంగా వేసి తర్వాత బాగా దెబ్బతిన్నాడు. 2022లో 19 ఆటలు ఓడిపోయాడు. అయినా నేషనల్స్ అభిమానిని అడిగితే ఆ 14 కోట్లూ దండగ అనడు. 2019 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో గెలిచిన పిచర్ అతనే మరి. గెలిచే ఏడాది ఏదో ఖాయంగా తెలిసిన జట్టుకు చివరి ఏళ్ల నష్టం భరించదగ్గదే.

ఈ దారి ఎంచుకునేముందు నేను అడిగేది ఒకటే. యమమోటో అసలు మార్కెట్లోకే రాకపోయి ఉంటే, ఇప్పుడు చూస్తున్న ఈ రెండో పిచర్‌కి ఇన్నేళ్లు ఇచ్చేవాళ్లమా? లేదంటే వద్దు. ముప్పై దాటినవాడికి అయిదారేళ్లు ఇవ్వడం బాధలో తీసుకునే నిర్ణయం కాకూడదు. ఆగగలిగిన జట్టుకు మళ్లీ అవకాశం వస్తుంది. 2023లో యమమోటోని పోగొట్టుకున్న యాంకీస్ మరుసటి శీతాకాలంలో మ్యాక్స్ ఫ్రీడ్‌ని ఎనిమిదేళ్లకు 21.8 కోట్లతో తెచ్చారు. 2025లో అతను 19 గెలిచి 5 ఓడాడు, ఈఆర్‌ఏ 2.86.

తలా కొంత మోసే పిచర్లు, చిన్న ఒప్పందాలు

నా మనసుకు దగ్గరి దారి ఇది. అయితే దీనిలో ఎంత బలముందో, ఎక్కడ బెసుకుతుందో రెండూ మా జట్టే చూపించింది, కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను.

యమమోటో కోసం ఎదురుచూస్తూనే మెట్స్ కొత్త అధిపతి డేవిడ్ స్టెర్న్స్, యాంకీస్‌లో దారుణంగా ఆడి బయటికొచ్చిన లూయిస్ సెవెరినోని ఒక్క ఏడాదికి 1.3 కోట్లకు తీసుకున్నాడు. యమమోటో పోయాక, జనవరిలో, షాన్ మనాయాని రెండేళ్లకు 2.8 కోట్లతో తెచ్చాడు. మొదటి ఏడాది తర్వాత కావాలంటే వెళ్లిపోయే ఆప్ట్ అవుట్ కూడా ఇచ్చాడు. మిల్వాకీ నుంచి ట్రేడ్‌లో ఏడ్రియన్ హౌజర్ వచ్చాడు. ఈ పేర్లు విన్నప్పుడు మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఒక్క మాట రాయలేదు. అంతటి నిస్పృహ.

2024 జూన్ 2 నాటికి మెట్స్ 24 గెలిచి 35 ఓడింది. మా ముఖ్యమైన స్టార్టర్ కొడాయ్ సెంగా గాయంతో సీజన్ మొత్తంలో ఒకే ఒక ఆట మొదలుపెట్టాడు. హౌజర్ నిలవలేదు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాం. కానీ సెవెరినో 182 ఇన్నింగ్స్ వేశాడు, మనాయా 181కి పైగా, అప్పటికే జట్టులో ఉన్న హోసే కింతానా 170. ముగ్గురి ఈఆర్‌ఏలూ నాలుగు లోపే. ముగ్గురూ కలిసి 33 గెలుపులు. జూలై చివర్లో అట్లాంటా ఎడమచేతి పిచర్ క్రిస్ సేల్ వేస్తుండగా చూసిన మనాయా, తన చెయ్యి కూడా అలాగే కిందికి దించి వేయడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి వేరే మనిషైపోయాడు. చివరికి 89 గెలుపులతో ప్లేఆఫ్స్‌కి చేరి, నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) ఫైనల్ దాకా వెళ్లాం. మనల్ని కాదన్న యమమోటో ఉన్న డాడ్జర్స్ చేతిలోనే ఆరో ఆటలో ఓడిపోయాం.

అదే ఏడాది ఈ దారిని మా కంటే అందంగా నడిచింది కాన్సస్ సిటీ రాయల్స్. 2023లో 106 ఆటలు ఓడిన జట్టు అది. యమమోటో స్థాయివాడు తమ ఊరు రాడని వాళ్లకు తెలుసు. సెత్ లూగోకి మూడేళ్లకు 4.5 కోట్లు, మైకేల్ వాకాకి రెండేళ్లకు 3.2 కోట్లు ఇచ్చారు. ఇద్దరికీ కలిపి ఇచ్చింది యమమోటో ఒప్పందంలో నాలుగో వంతు కూడా కాదు. లూగో 206కి పైగా ఇన్నింగ్స్ వేసి, సరిగ్గా 3.00 ఈఆర్‌ఏతో, 16 గెలుపులతో అమెరికన్ లీగ్ సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. వాకా 13 గెలిచాడు. రాయల్స్ 86 గెలుపులతో ప్లేఆఫ్స్‌కి చేరింది. ఈ లూగో ఒకప్పుడు మా మెట్స్ బుల్‌పెన్‌లో (ఆట మధ్యలో దిగే పిచర్ల బృందంలో) ఉన్నవాడే. అతను స్టార్టర్‌గా వేయాలని ఎంత తపించేవాడో తెలిసిన మాకు ఆ ఏడాది అతన్ని చూస్తే మనసు నిండిపోయింది.

అంత బాగా పనిచేసిన దారినే మెట్స్ మరుసటి ఏడాదీ పట్టింది. ఫలితం వేరు. 2024 డిసెంబరులో హువాన్ సోటో మీద పదిహేనేళ్లకు 76.5 కోట్లు పెట్టి, పిచింగ్‌లో మాత్రం మళ్లీ చిన్న ఒప్పందాలకే వెళ్లారు. ఫ్రాంకీ మోంటాస్ రెండేళ్లకు 3.4 కోట్లు, క్లే హోమ్స్ మూడేళ్లకు 3.8 కోట్లు, గ్రిఫిన్ కానింగ్ ఒక ఏడాదికి 42 లక్షల పైచిలుకు, మనాయాకే మళ్లీ మూడేళ్లకు 7.5 కోట్లు. జూన్ 12 నాటికి 45 గెలుపులు, 24 ఓటములు, లీగ్‌లోనే ముందంజ. ఆ రోజే సెంగా తొడ కండరం పట్టేసింది. నెలాఖరుకి కానింగ్ కాలి మడమ వెనక స్నాయువు తెగింది. మోంటాస్ గాయంతో ఆలస్యంగా వచ్చి మళ్లీ గాయంతోనే పోయాడు. మనాయా జూలై దాకా రాలేదు, వచ్చాక ఈఆర్‌ఏ అయిదు దాటింది. తెచ్చుకున్న నలుగురిలో బుల్‌పెన్ నుంచి స్టార్టర్‌గా మారిన హోమ్స్ ఒక్కడే 165 ఇన్నింగ్స్ దాకా నిలబడ్డాడు. చివరి రోజు మయామీలో ఓడి, 83 గెలుపులతో ప్లేఆఫ్స్ బయటే ఉండిపోయాం.

ఒకే జట్టు, ఒకే ఆలోచన, ఇంత తేడా ఎందుకు? 2024లో తెచ్చుకున్న ముగ్గురు నలుగురిలో ఇద్దరు ఏడాది పొడుగునా ఆరోగ్యంగా ఉన్నారు. అది కొంత శ్రమ, కొంత అదృష్టం. 2025లో అందరూ గాయాల చరిత్ర ఉన్నవాళ్లో, మునుపెప్పుడూ అన్ని ఇన్నింగ్స్ వేయనివాళ్లో. ఒక్కొక్కరి మీద పెట్టిన నమ్మకం సబబే, అందరూ ఒకేసారి నిలబడాలనుకోవడం అత్యాశ. కాబట్టి ఈ దారిలో నడిచే జట్టు ముగ్గురిని తెచ్చుకుంటే, కనీసం ఒకరు గత రెండేళ్లూ 160 ఇన్నింగ్స్ దాటినవాడై ఉండాలి. మిగతా ఇద్దరిలో సాహసం చేయొచ్చు. వెనక ఫీల్డింగ్ బాగుందా, పిచర్ చేతిని, బంతి తిప్పే తీరుని సరిదిద్దే కోచ్‌లున్నారా అన్నది కూడా చూడాలి. అవి లేని జట్టు సెవెరినోని తెచ్చుకున్నా పాత సెవెరినోయే మిగులుతాడు.

ఒక చిన్న లాభం కూడా చెప్పాలి. 2024 చివర్లో సెవెరినోకి మెట్స్ 2.1 కోట్ల క్వాలిఫయింగ్ ఆఫర్ (ఫ్రీ ఏజెంట్ కాబోయేవాడికి పాత జట్టు ఇచ్చే ఒక ఏడాది ఒప్పందం) ఇచ్చింది. అతను కాదని అథ్లెటిక్స్‌తో మూడేళ్లకు 6.7 కోట్లు ఒప్పుకున్నాడు. దానికి బదులుగా మెట్స్‌కి ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే అవకాశం) దక్కింది. ఏడాది ఒప్పందంలో ఇలాంటి గింజలు కూడా రాలతాయి.

పిల్లల్ని ఇచ్చి పెద్దవాణ్ణి తెచ్చుకోవడం

ట్రేడ్‌లో డబ్బు తక్కువ, బాధ ఎక్కువ. మనం పెంచుకుంటున్న కుర్రాళ్లను ఇచ్చేయాలి. బదులుగా వచ్చేవాడు చాలాసార్లు ఏడాదిలో ఫ్రీ ఏజెంట్ అయిపోతాడు.

2024 ఫిబ్రవరి 1న బాల్టిమోర్ ఓరియోల్స్ మిల్వాకీకి జోయీ ఓర్టీజ్, డి. ఎల్. హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ ఇచ్చి కోర్బిన్ బర్న్స్‌ని తెచ్చుకుంది. అతను చేయగలిగిందంతా చేశాడు. 194 ఇన్నింగ్స్, 15 గెలుపులు, 2.92 ఈఆర్‌ఏ. అక్టోబరు 1న ప్లేఆఫ్స్ మొదటి ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా వచ్చి ఒకే ఒక పరుగిచ్చాడు. బాల్టిమోర్ 1-0తో ఓడింది. గెలిచింది లూగో ఉన్న రాయల్సే. ఎంత మంచి పిచర్ తెచ్చినా బ్యాట్లు లేవకపోతే ఏమీ చేయలేడు. డిసెంబరులో బర్న్స్ ఆరిజోనాకి ఆరేళ్లకు 21 కోట్లతో వెళ్లిపోయాడు. ఆ జట్టు ఆడే ఊరి పక్కనే అతని ఇల్లు. ఓరియోల్స్‌కి మిగిలింది ఒక మంచి సీజన్, ఒక పిక్. నా దృష్టిలో అది న్యాయమైన బేరమే, ఎందుకంటే వాళ్ల కుర్ర జట్టు అప్పటికే గెలిచే దశలో ఉంది.

దీనికి ఎదురుగా అట్లాంటా బ్రేవ్స్ బేరం. 2023 డిసెంబరు 30న వాన్ గ్రిస్సమ్ అనే ఒక్క కుర్రాణ్ణి ఇచ్చి బోస్టన్ నుంచి క్రిస్ సేల్‌ని తెచ్చారు. అతని జీతంలో 1.7 కోట్లు బోస్టనే భరించింది. ఏళ్లుగా గాయాలతో కుంటుతున్న సేల్ 2024లో 18 గెలిచి 3 ఓడాడు, 2.38 ఈఆర్‌ఏతో సై యంగ్ గెలిచాడు. ఆ బోస్టన్ అదే వారంలో లూకస్ జియోలిటోతో రెండేళ్లకు 3.85 కోట్ల ఒప్పందం చేసుకుంది. అతను మార్చిలో మోచేతి శస్త్రచికిత్సతో ఏడాదంతా పోగొట్టుకున్నాడు. బోస్టన్ అభిమానులకు ఆ ఏడాది ఎలా గడిచిందో ఊహించగలను.

బర్న్స్ కోసం ఇచ్చిన ధరకీ సేల్ కోసం ఇచ్చిన ధరకీ తేడా ఎక్కడుంది? అందరూ మెచ్చుతున్నప్పుడు కొన్నది ఒకటి, అందరూ వదులుకున్నాక కొన్నది ఒకటి. ఏస్‌ని పోగొట్టుకున్న జట్టు ఆత్రం ఎదుటి జట్టుకు బాగా తెలుసు. ఆ ఆత్రానికి ధర కట్టి మరీ అడుగుతారు. కాబట్టి ట్రేడ్‌కి వెళ్తే ఊళ్లో పేరు వినబడుతున్నవాడి కంటే, గాయం నుంచి తేరుకుంటున్నవాడి వైద్య కాగితాలు చూసి అడగడం మేలు.

మార్చి దాకా ఓపిక పట్టడం

కొన్నిసార్లు పెద్ద పేర్లు కూడా ఫిబ్రవరి దాటినా ఒప్పందం లేకుండా మిగిలిపోతాయి. అప్పుడు ధర దిగుతుంది. యమమోటో కోసం పోటీపడ్డ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2024 మార్చిలో అంతకుముందు ఏటి సై యంగ్ విజేత బ్లేక్ స్నెల్‌ని రెండేళ్లకు 6.2 కోట్లతో పట్టింది. మంచి బేరమే అనిపించింది. కానీ శిక్షణ శిబిరం దాదాపు మొత్తం తప్పిపోయిన పిచర్ చెయ్యి సిద్ధం కాదు. మొదటి ఆరు ఆటల్లో అతని ఈఆర్‌ఏ తొమ్మిది దాటింది. మధ్యలో గాయం. జూలైలో తిరిగొచ్చాక ఎవరూ కొట్టలేకపోయారు, ఆగస్టు 2న సిన్సినాటి మీద నో హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) కూడా వేశాడు. అప్పటికి జెయింట్స్ సీజన్ గడిచిపోయింది, 80 గెలుపులతో ముగించింది. ఏడాది కాగానే స్నెల్ ఆప్ట్ అవుట్ వాడుకుని డాడ్జర్స్‌కే వెళ్లాడు. అతని కోసం డ్రాఫ్ట్ పిక్ కూడా వదులుకుంది జెయింట్స్.

మాంట్‌గామరీది ఇంకా విచారం. వరల్డ్ సిరీస్ గెలిచిన చేతులతో మార్చి చివరిదాకా ఎదురుచూసి, ఆరిజోనాతో ఒక ఏడాదికి 2.5 కోట్లకు ఒప్పుకుని, 6.23 ఈఆర్‌ఏతో ముగించాడు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఈ దారిని నేను ఎవరికీ చెప్పను, జట్టు ఏప్రిల్, మే నెలలు అతను లేకుండా నెట్టుకురాగలిగితే తప్ప.

పెరట్లో చెట్టు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. బేస్‌బాల్ అభిమానులు సొంత ఫార్మ్ సిస్టమ్‌లో (కుర్రాళ్లను తయారుచేసే కింది జట్లలో) పెరిగే కుర్రాళ్ల విషయంలో చేసే పొరపాటు ఇదే. యమమోటో రాకపోయాక యాంకీస్ మార్కస్ స్ట్రోమన్‌ని రెండేళ్లకు 3.7 కోట్లతో తెచ్చారు. 2024లో అతని ఈఆర్‌ఏ 4.31. మరుసటి ఏడాది ఒప్పందం ముగియకుండానే వదిలేశారు. ఆ జట్టుని నిజంగా నిలబెట్టింది లూయిస్ గిల్. మోచేతి సర్జరీ నుంచి తిరిగొచ్చిన ఈ కుర్రాడికి కోల్ గాయపడడం వల్లనే చోటు దొరికింది. 15 గెలిచాడు, ఈఆర్‌ఏ 3.50, అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు). యాంకీస్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. మెట్స్‌లో 2025 ఆగస్టులో వచ్చిన నోలన్ మెక్లీన్ ఎనిమిది ఆటల్లో 2.06 ఈఆర్‌ఏతో వేశాడు. రెండు నెలల ముందు పిలిచి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

దీన్ని మొదటి దారిగా పెట్టుకోవడం కష్టం. కుర్రవాడికి ఇన్నింగ్స్ పరిమితి ఉంటుంది, ఒక ఏడాది మెరిసి మరుసటి ఏడాది గాయపడడమూ మామూలే. కానీ ఏ దారి ఎంచుకున్నా ఒక స్థానం ఖాళీగా ఉంచడం మంచిది. అయిదుగురినీ బయటినుంచి తెచ్చిపెట్టుకున్న జట్టులో గిల్‌కి చోటుండదు.

ఈ దారుల్లో ఏదీ ఇవ్వలేనిది

2024 అక్టోబరు 17న సిటీ ఫీల్డ్‌లో డాడ్జర్స్‌తో నాలుగో ఆటకి వెళ్లాను. సాయంత్రం ఫ్లషింగ్ గణేశుడి గుళ్లో దణ్ణం పెట్టుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తిని స్టేడియానికి చేరాం. అటు వేస్తున్నది యమమోటో, ఇటు కింతానా. యమమోటో నాలుగున్నర ఇన్నింగ్స్ కూడా వేయలేదు, కానీ ఎనిమిది మందిని స్ట్రైకవుట్ చేశాడు. మేం 10-2తో ఓడిపోయాం. ఆ ఏడాది అతను భుజం నొప్పితో దాదాపు మూడు నెలలు ఆడలేదు, మొత్తం 90 ఇన్నింగ్సే వేశాడు. మనాయా, సెవెరినో చెరో రెండింతలు వేశారు. అప్పటికి లెక్క మావైపే ఉందని నేను గట్టిగా వాదించేవాణ్ణి.

2025 దాన్ని తిరగరాసింది. 173కి పైగా ఇన్నింగ్స్, 2.49 ఈఆర్‌ఏ. వరల్డ్ సిరీస్ రెండో ఆట టొరంటోలో మొదటినుంచి చివరిదాకా తానే వేశాడు. అక్టోబరు 31న ఆరో ఆటలో 96 బంతులు వేసి గెలిచాడు. మర్నాడే ఏడో ఆటలో బుల్‌పెన్ నుంచి వచ్చి ఇంకో 34 బంతులతో ట్రోఫీ తెచ్చాడు, సిరీస్ ఎంవీపీ అయ్యాడు. టీవీ ముందు కూర్చుని, మా జట్టు కాకపోయినా, చేతులు జోడించాను. ఎనిమిదో వంతు ఇన్నింగ్స్ అన్న నా లెక్క సీజన్‌కి సరిపోతుంది. అక్టోబరులో సరిపోదు. అక్కడ ఆటలు తక్కువ, మంచివాడు మళ్లీ మళ్లీ వేస్తాడు.

మరి మీ జట్టుకి ఏది?

గత ఏడాది 90 దాకా గెలిచి, బ్యాటింగ్ గట్టిగా ఉండి, ముఖ్యమైన ఆటగాళ్ల ఒప్పందాలు ఒకటి రెండేళ్లలో ముగిసిపోతుంటే, ట్రేడ్. అక్టోబరులో మొదటి ఆట వేసేవాడు మీకు కావాలి. కుర్రాళ్లను దాచుకునే సమయం కాదది.

75, 80 గెలుపుల మధ్య ఊగుతున్న జట్టైతే లూగో, వాకా దారి. పెద్ద ఒప్పందం ఇప్పుడు వద్దు. ఇద్దరు నిలకడైన పిచర్లు పది ఆటల తేడా తేగలరు, రెండేళ్లకు పుస్తకం మళ్లీ ఖాళీ అవుతుంది.

వంద ఆటలు ఓడిన జట్టు కూడా వాళ్లనే తెచ్చుకోవచ్చని రాయల్స్ చూపింది. కానీ అక్కడ బాబీ విట్ జూనియర్ లాంటి మేటి బ్యాటర్ అప్పటికే ఉన్నాడని గుర్తుపెట్టుకోండి. అలాంటివాడు లేకపోతే పెరటి కుర్రాళ్లకే బంతి ఇవ్వండి.

డబ్బుకి కొదవ లేని జట్టుకు నా సలహా వేరు. ఆ శీతాకాలం చిన్న ఒప్పందాలతో గడిపి, మరుసటి శీతాకాలం తప్పకుండా పెద్దవాడి కోసం వెళ్లాలి. యాంకీస్ కార్బిన్ తర్వాత కోల్ కోసం, యమమోటో తర్వాత ఫ్రీడ్ కోసం చేసింది అదే. మెట్స్ 2024 చివర్లో ఫ్రీడ్, బర్న్స్, స్నెల్ ముగ్గురూ మార్కెట్లో ఉండగా మళ్లీ చిన్న ఒప్పందాలకే వెళ్లింది. బర్న్స్ ఆరిజోనాలో పదకొండు ఆటలు వేశాక మోచేతి సర్జరీ అయింది కాబట్టి అతను రాకపోవడం మాకు మంచిదే అయింది. ఫ్రీడ్ విషయంలో మాత్రం ఆ మాట అనలేను. అదే నగరంలో, సబ్‌వే రైల్లో గంట దూరంలో, అతను ఆ ఏడాది 19 ఆటలు గెలిచాడు.